దెబ్బల వల్ల డయాఫ్రం చిరిగితే: కీహోల్ ఆపరేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ వార్డు బయట కూర్చున్న కుటుంబాలు అడిగే ప్రశ్నలివి. కీహోల్ అంటే పెద్ద కోత లేకుండా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా వేసి చేసే ఆపరేషన్. కొన్ని ఆపరేషన్‌కు ముందు రాత్రి కంగారులో అడిగేవి, కొన్ని డిశ్చార్జ్ రోజు గుర్తొచ్చేవి, ఇంకొన్ని దెబ్బ తగిలిన ఏళ్ల తర్వాత ఎక్స్‌రే పట్టుకొచ్చి అడిగేవి. ఇది చదివి మీ డాక్టరును పక్కన పెట్టకండి. ఆయనను ఏం అడగాలో తేల్చుకోవడానికి వాడుకోండి.

డయాఫ్రం ఎక్కడుంటుంది? ఏం చేస్తుంది?

ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న పల్చటి కండరం అది. బడి పుస్తకాల్లో ఉదరవితానం అని చదివే ఉంటారు. పైన గుండె, ఊపిరితిత్తులు ఉంటే కింద కాలేయం, జీర్ణాశయం, ప్లీహం, పేగులు ఉంటాయి. గాలి పీల్చినప్పుడు కిందికి దిగుతుంది, వదిలినప్పుడు పైకి లేస్తుంది.

చాలామంది అనుకునేదానికన్నా అది బాగా పైనుంటుంది. గాలి పూర్తిగా వదిలినప్పుడు దాని పైభాగం చనుమొనల ఎత్తుదాకా వస్తుంది. అందుకే "కత్తి ఛాతీలో దిగింది, పొట్టకేం కాలేదు" అంటే ఎమర్జెన్సీ డాక్టర్లు అంత తేలిగ్గా నమ్మరు. చనుమొనల గీతకూ చివరి పక్కటెముకల అంచుకూ మధ్య ఎక్కడ పోటు పడినా ఛాతీ, డయాఫ్రం, పొట్ట మూడింటినీ అనుమానించాల్సిందే.

ఎలాంటి దెబ్బలకు చిరుగుతుంది?

రెండు రకాలు. ఒకటి కత్తిపోటు, తూటా, విరిగిన ఇనుప చువ్వ లాంటివి నేరుగా గుచ్చుకోవడం. ఇందులో చిల్లు సాధారణంగా చిన్నది, ఒకటి రెండు సెంటీమీటర్లు. రెండోది మొద్దుదెబ్బ: కారు ప్రమాదం, బైకు మీంచి పడి బస్సు కింద నలగడం, కట్టుబడిలో ఉన్న భవనం పైఅంతస్తు నుంచి పడటం. పొట్ట ఒక్కసారిగా నలిగితే లోపలి ఒత్తిడి పైకి తన్ని డయాఫ్రాన్ని చీల్చేస్తుంది. ఈ చీలికలు పెద్దవి, పది సెంటీమీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్లే కారును మరో వాహనం పక్కనుంచి గుద్దితే ఈ ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అప్పుడు ఛాతీ గోడ పక్కకు వంగి డయాఫ్రాన్ని దాని అంచు దగ్గర లాగేస్తుంది. విరిగిన పక్కటెముక మొన కూడా దాన్ని కోయగలదు.

మొత్తం ప్రమాద కేసుల్లో ఇది అరుదైన గాయమే. ఆ అరుదుతనమే చిక్కు. రోజూ చూసే గాయం కాదు కాబట్టి, వెతకనివాళ్లకు కనపడదు.

ఎడమవైపే ఎక్కువగా ఎందుకు వింటాం?

కుడివైపు కింద కాలేయం దిట్టంగా ఆనుకుని ఉండి దెబ్బ బలాన్ని కొంత తాను తీసుకుంటుంది. ఎడమవైపు అలాంటి అండ లేదు. పైగా ఎడమ వెనుక భాగంలో డయాఫ్రం పుట్టుకతోనే కాస్త బలహీనం. కత్తిపోట్ల విషయంలో మరో కారణం చెబుతారు. పొడిచేవాళ్లలో ఎక్కువమంది కుడిచేతి వాటం వాళ్లు కాబట్టి ఎదురుగా ఉన్నవాడికి ఎడమవైపు తగులుతుంది.

చిన్న చిల్లే కదా, కుట్లు లేకుండా మానదా?

ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నల్లో అతి ముఖ్యమైనది ఇదే.

చర్మం మీది గాయానికి రెస్ట్ ఇవ్వొచ్చు. విరిగిన చేతికి కట్టు కట్టి కదలకుండా పెట్టొచ్చు. డయాఫ్రానికి ఆ వీలు లేదు. నిమిషానికి పదిహేను సార్లు లేస్తూ దిగుతూనే ఉంటుంది. దానికి తోడు ఛాతీలో ఒత్తిడి ఎప్పుడూ తక్కువ, పొట్టలో ఎక్కువ. గట్టిగా దగ్గినా, ముక్కినా, బరువు ఎత్తినా ఈ తేడా పదింతలు దాటుతుంది. కాబట్టి చిల్లు ఉంటే పొట్టలోనిది పైకి ఎగబాకుతుంది. మొదట కొంచెం కొవ్వు పొర దూరుతుంది. అది చిల్లును మూసినట్టే ఉంటుంది, కానీ అంచులు కలవనివ్వదు. తర్వాత జీర్ణాశయమో పెద్దపేగో వెంట వెళ్తుంది. ఒకరోజు అక్కడే మెలిపడి రక్తప్రసారం ఆగిపోతుంది.

విచిత్రం ఏమిటంటే, చిన్న చిల్లే ఎక్కువ ప్రమాదం. పెద్ద చీలికలోంచి పేగు వెళ్తుంది, వస్తుంది. చిన్నదాంట్లో ఇరుక్కుపోతుంది. ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన అంబ్రవాజ్ పారే అనే సర్జన్ 16వ శతాబ్దంలోనే రాశాడు. తూటా దెబ్బ నుంచి బయటపడిన ఒక సైనికాధికారి ఎనిమిది నెలల తర్వాత పేగు ఇరుక్కుని చనిపోయాడు. శవపరీక్షలో చూస్తే డయాఫ్రంలో ఉన్నది చిటికెన వేలి కొన పట్టేంత చిల్లు.

కాబట్టి ఎడమవైపు చిల్లు ఉందని తేలితే, అది ఎంత చిన్నదైనా కుట్టాల్సిందే. ఈ విషయంలో సర్జన్ల మధ్య పెద్దగా వాదన లేదు.

కుడివైపు అయితే?

అక్కడ కొంత వెసులుబాటు ఉంది. కత్తిపోటు వల్ల అయిన చిన్న చిల్లును కాలేయమే మూసి ఉంచుతుంది. పేషెంటు నిలకడగా ఉండి, పొట్టలో ఇంకే గాయం లేకపోతే ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూడటం సమంజసమే. మొద్దుదెబ్బతో అయిన పెద్ద చీలిక మాత్రం వేరు. అందులోంచి కాలేయమే పైకి జారుతుంది, దాన్ని సరిచేయాలి.

లక్షణాలు ఎలా ఉంటాయి?

కొందరికి ఆయాసం, ఛాతీలో నొప్పి, ఎడమ భుజంలో నొప్పి ఉంటాయి. భుజానికి ఏ దెబ్బా తగలకపోయినా అక్కడ నొప్పి రావడానికి కారణం ఉంది. డయాఫ్రానికి వచ్చే నరం మెడ దగ్గర మొదలవుతుంది, భుజం చర్మానికి వెళ్లే నరాలూ అక్కడివే. డాక్టరు స్టెతస్కోప్ పెడితే ఛాతీలో పేగుల గుడగుడ వినిపించొచ్చు.

చాలామందికి మాత్రం ఏమీ ఉండదు. కూర్చుని టీ తాగుతూ ఫోన్ చూసుకుంటుంటారు.

ఎక్స్‌రే, సీటీ స్కాన్ రెండూ తీశారు, బాగుందన్నారు. ఇంకా అనుమానం దేనికి?

ఎక్స్‌రేలో జీర్ణాశయపు గాలి బుడగ ఛాతీలో కనిపిస్తే, లేదా ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబ్ కొన పైకి తిరిగి ఛాతీలో చుట్టుకుని ఉంటే రోగనిర్ధారణ అయిపోయినట్టే. కానీ అలా స్పష్టంగా కనబడేది సగం మందిలో కూడా ఉండదు. డయాఫ్రం కొంచెం ఎత్తుగా ఉంది, అంచు మసగ్గా ఉంది అన్నంతవరకే చాలా ఫిల్ములు చెబుతాయి. ఆ మసక ఊపిరితిత్తి కమిలినందువల్ల కావచ్చు, రక్తం చేరినందువల్ల కావచ్చు.

సీటీ స్కాన్ దీనికన్నా ఎంతో మెరుగు. కండరం తెగిన చోటును, చిల్లు దగ్గర నడుము బిగించినట్టు సన్నబడిన జీర్ణాశయాన్ని, వెన్నువైపు పక్కటెముకల మీదికి జారి పడుకున్న కాలేయాన్ని పట్టిస్తుంది. మొద్దుదెబ్బల్లో దాని మీద బాగానే ఆధారపడొచ్చు. కత్తిపోటు చిల్లు దగ్గరే ఇబ్బంది. సెంటీమీటరు సందు, అందులోంచి ఇంకా ఏదీ పైకి వెళ్లలేదు. అలాంటప్పుడు స్కాన్‌లో చూడటానికి ఏముంటుంది?

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల విషయంలో ఇంకో మోసం ఉంది. యంత్రం గాలిని ఒత్తిడితో లోపలికి పంపుతుంది కాబట్టి ఛాతీలో ఒత్తిడి పెరిగి, పేగుల్ని కిందికే నొక్కి ఉంచుతుంది. ట్యూబ్ తీసి సొంతంగా ఊపిరి పీల్చడం మొదలుపెట్టాక అవి పైకి ఎక్కుతాయి. ఐసీయూలో బాగున్న ఎక్స్‌రే వార్డులోకి వచ్చాక మారిపోతే, "అప్పుడు చూడలేదా" అని కోపం రావడం సహజం. చాలాసార్లు అప్పుడు చూడటానికి నిజంగానే ఏమీ లేదు.

పేషెంటు బాగానే ఉన్నాడు. "లోపల చూడటానికి" థియేటర్‌కి తీసుకెళ్తామంటే ఒప్పుకోవాలా?

ఎడమవైపు, పక్కటెముకల కింది భాగంలో కత్తిపోటు అయితే నా సలహా ఒప్పుకోమనే. ఈ చోట పోటు పడి, ఏ లక్షణమూ లేకుండా ఉన్నవాళ్లలోనూ దాదాపు నలుగురిలో ఒకరికి డయాఫ్రం చిల్లు ఉన్నట్టు అధ్యయనాలు చూపించాయి. అమెరికాలోని ట్రామా సర్జన్ల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇలాంటి పేషెంట్లకు సీటీ మీదే ఆగిపోకుండా లాపరోస్కోపీతో, అంటే చిన్న కోతలోంచి పొట్టలోకి కెమెరా వేసి, చూడమనే చెబుతున్నాయి.

కీహోల్ పద్ధతి అసలు విలువ ఇక్కడే ఉంది. మచ్చ చిన్నది, డిశ్చార్జ్ త్వరగా అన్నవి బాగానే ఉన్నాయి, కానీ అవి తర్వాతి మాట. ఒకప్పుడు అనుమానం తీర్చుకోవడానికి కూడా పొట్టను నిలువునా తెరవాల్సి వచ్చేది. ఏమీ లేదని తేలినా ఆ పెద్ద కోత బాధ పేషెంటుకు మిగిలేది. ఇప్పుడు బొడ్డు దగ్గర సెంటీమీటరు కోతతో కెమెరా వేసి డయాఫ్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూడొచ్చు. చిల్లు ఉంటే అక్కడికక్కడే కుట్టేయొచ్చు.

కొన్ని ఆసుపత్రుల్లో వెంటనే కాకుండా ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగి చేస్తారు. నిర్లక్ష్యమని అనుకోకండి. ఆ వ్యవధిలో పొట్ట పదేపదే నొక్కి చూసి, పేగుకు కూడా గాయమైందేమో కనిపెడతారు.

కీహోల్ ఎవరికి పనికిరాదు?

బీపీ పడిపోతున్నవాళ్లకు, రక్తం ఎక్కించినా నిలవనివాళ్లకు పనికిరాదు. వాళ్లకు ప్రతి నిమిషం విలువైనదే, పొట్ట తెరిచి రక్తస్రావం ఆపడమే పని. పేగు చిట్లి పొట్టంతా గట్టిపడినవాళ్లకు, తలకు తీవ్రమైన గాయమై మెదడులో ఒత్తిడి పెరిగినవాళ్లకు కూడా కీహోల్ కోసం పొట్టలో గ్యాస్ నింపడం మంచిది కాదు. "పక్క వీధి ఆయనకు మూడు రంధ్రాలతో చేశారు, మా వాడికి ఇంత కోత ఎందుకు?" అని అడిగేముందు ఆ ఇద్దరూ ఆసుపత్రికి ఏ స్థితిలో వచ్చారో చూడాలి.

పొట్ట వైపు నుంచి చేస్తారా, ఛాతీ వైపు నుంచా?

దెబ్బ తాజాదైతే ఎక్కువగా పొట్ట వైపు నుంచే, అంటే లాపరోస్కోపీ. డయాఫ్రం చిరిగిందంటే కింద ప్లీహం, కాలేయం, జీర్ణాశయం, పేగు వీటిలో ఏదో ఒకటి దెబ్బతిని ఉండే అవకాశం బాగా ఉంది. వాటిని చూడకుండా చిల్లు మాత్రమే కుట్టి రావడం అర్థం లేని పని.

ఛాతీ వైపు నుంచి కెమెరాతో చేసేది థొరకోస్కోపీ, ఆసుపత్రుల్లో వ్యాట్స్ అంటారు. ఛాతీలో చేరిన రక్తం గడ్డకట్టి, దాన్ని బయటికి తీయడానికి వేసిన ట్యూబ్‌లోంచి రాకపోతే దాన్ని తీయాలి, అప్పుడు డయాఫ్రాన్ని కూడా అదే దారిలో చూసి కుడతారు. కుడివైపు గాయాలకు, ఏళ్ల కిందటి హెర్నియాలకు (పాత చిల్లులోంచి పొట్టలోని అవయవాలు ఛాతీలోకి ఎక్కి ఉండటం) కూడా ఈ దారి అనువు. పాత కేసుల్లో పేగు, కొవ్వు పొర ఊపిరితిత్తికి అతుక్కుని ఉంటాయి. వాటిని పైనుంచి చూస్తూ విడదీయడం సులువు. ఒక్కోసారి రెండు వైపుల నుంచీ చేయాల్సి వస్తుంది.

థియేటర్‌లో అసలేం జరుగుతుంది?

పూర్తి మత్తు ఇస్తారు. థొరకోస్కోపీ అయితే ఒక ఊపిరితిత్తిని కాసేపు ఆపి రెండోదానితోనే గాలి ఆడించే ప్రత్యేకమైన ట్యూబ్ వేస్తారు. మంచాన్ని తలవైపు ఎత్తి, ఎడమ పక్క కాస్త పైకి వంచుతారు. దానివల్ల పేగులు కిందికి జారి డయాఫ్రం బాగా కనిపిస్తుంది. మూడు నాలుగు చిన్న కోతలు, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరుకు కొంచెం పైన.

మొదట పైకి వెళ్లినవాటిని మెల్లగా కిందికి తెస్తారు. బలంగా లాగితే ప్లీహం చిట్లుతుంది, జీర్ణాశయం చిరుగుతుంది. సందు ఇరుకుగా ఉంటే చిల్లును కాస్త పెద్దది చేసి దించుతారు, ఇరుకులోంచి ఈడ్చడం కన్నా అది మేలు. తర్వాత జీర్ణాశయం ముందు వెనుకలు, పేగు మొదటి నుంచి చివరిదాకా పరీక్షిస్తారు. ఈ పని ఓపిగ్గా చేయకపోతే పేగుకు ఉన్న చిన్న గాయం తప్పిపోతుంది. లాపరోస్కోపీ మీద ఉన్న పాత విమర్శ కూడా అదే. అనుభవమున్నవాళ్ల చేతుల్లో అది చాలావరకు తగ్గింది.

జీర్ణాశయం చిట్లి ఆహారం ఛాతీలోకి వెళ్లి ఉంటే చిల్లులోంచే నీళ్లు పంపి ఛాతీని శుభ్రంగా కడుగుతారు. కుట్టే తొందరలో ఇది వదిలేస్తే తర్వాత ఛాతీలో చీము పడుతుంది. చివరికి కరగని దారంతో, దృఢమైన కుట్లు వేస్తారు. చర్మం లోపల వేసే కరిగే దారం ఇక్కడ పనికిరాదు, ఈ కుట్టు ఎన్నాళ్లయినా కదలికను తట్టుకోవాలి.

చిల్లు ఉండగా పొట్టలో గ్యాస్ నింపితే ఛాతీలోకి వెళ్లదా?

వెళ్తుంది. మంచి ప్రశ్న. ఛాతీలో చేరిన గ్యాస్ ఊపిరితిత్తిని, గుండెను నొక్కి బీపీని ఒక్కసారిగా పడేయగలదు. అందుకే చాలామంది సర్జన్లు ముందే ఛాతీ ట్యూబ్ వేస్తారు, లేదా వేయడానికి సిద్ధంగా ఉంటారు. గ్యాస్ ఒత్తిడి కూడా మామూలు పన్నెండు, పదిహేను మిల్లీమీటర్లు (పాదరసం లెక్కలో) కాకుండా ఎనిమిది, పది దగ్గర ఉంచుతారు. ఏదైనా తేడా కనిపిస్తే గ్యాస్ ఆపేసి బయటికి వదలడం మొదటి పని. ఈ ఆపరేషన్‌లో మత్తు డాక్టరు, సర్జన్ మాట్లాడుకుంటూ చేయడం మిగతా ఆపరేషన్లకన్నా ఎక్కువ అవసరం.

మెష్ ఎప్పుడు వేస్తారు?

తాజా గాయాల్లో చాలావరకు కుట్లే సరిపోతాయి. కండరం కొంత పోయి అంచులు కలవకపోతేనో, పాత చిల్లు అంచులు ముడుచుకుపోయి బిర్రుగా ఉంటేనో మెష్, అంటే చిల్లును కప్పే వల లాంటి అతుకు, వేస్తారు. పేగు చిట్లి మలినం చేరినచోట మామూలు సింథటిక్ మెష్ వేస్తే ఇన్ఫెక్షన్ పడుతుంది కాబట్టి అక్కడ వీలైనంతవరకు మానేస్తారు. మెష్‌ను అతికించే మెటల్ పిన్నులను గుండె సంచికి దగ్గరగా కొట్టకూడదు. డయాఫ్రం పల్చన, దాని మీదే గుండె ఉంటుంది. అక్కడ కుట్లే క్షేమం.

కీహోల్‌తో మొదలుపెట్టి మధ్యలో ఓపెన్ చేశారు. ఫెయిలైనట్టేనా?

కాదు. రక్తం ఆగకపోయినా, చిల్లు మొత్తం కనబడకపోయినా, పేషెంటు తట్టుకోలేకపోయినా తెరవడమే సరైన నిర్ణయం. ఆపరేషన్ అంగీకారపత్రం మీద సంతకం చేసేటప్పుడే ఈ మాట ఉంటుంది, చదివి అడగండి. పట్టుదలకు పోయి కీహోల్‌తోనే ముగించాలనుకునే సర్జన్ కన్నా, సమయానికి కోత పెట్టే సర్జన్‌నే నేను ఎంచుకుంటాను.

రోబో సర్జరీ అయితే ఇంకా మంచిదా?

పాత హెర్నియాలకు, తీరిగ్గా ప్లాన్ చేసిన ఆపరేషన్లకు రోబో చేతులు కుట్లు వేయడంలో సుఖం. నగరంలో కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. అర్ధరాత్రి వచ్చిన కత్తిపోటు కేసులో రోబో కోసం వేచి చూడటం అనవసరం. ఖర్చు మాత్రం తప్పకుండా పెరుగుతుంది.

ఐదేళ్ల కిందట యాక్సిడెంట్ అయింది. ఇప్పుడు తిన్నాక ఛాతీ బరువు, ఆయాసం. గ్యాస్ ట్రబుల్ అంటున్నారు.

నిజంగా గ్యాస్ ట్రబులే కావచ్చు. కానీ ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి, డాక్టరుకు పాత దెబ్బ సంగతి మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు. పక్కటెముకల మీద పాత కత్తిపోటు మచ్చ ఉంటే చొక్కా ఎత్తి చూపించండి.

మొదట్లో దొరకని చిల్లు నెలలు, ఏళ్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ మధ్యకాలంలో కడుపు నిండా తింటే ఎడమవైపు పట్టేసినట్టుండటం, పడుకుంటే ఆయాసం, అప్పుడప్పుడూ వాంతి, కొందరికి ఎడమ భుజంలో నొప్పి. మన దగ్గర వీటన్నిటికీ ఒకటే పేరు, ఒకటే మాత్ర. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గ్యాస్ మాత్రలతో ఏళ్లు గడిపేస్తారు. పేగు ఇరుక్కునే ప్రమాదం చాలావరకు మొదటి మూడేళ్లలోనే వస్తుంది, అయితే పది ఇరవై ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారు.

మరో ప్రమాదం ఎమర్జెన్సీలో పొంచి ఉంటుంది. ఛాతీలోకి ఎక్కి ఉబ్బిన జీర్ణాశయం ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినట్టే కనిపిస్తుంది. అదనుకుని ట్యూబ్ వేస్తే నేరుగా జీర్ణాశయంలోకి దిగుతుంది. అందుకే అనుభవమున్న డాక్టరు కోత పెట్టాక వేలు లోపలికి పెట్టి తడిమి చూశాకే ట్యూబ్ వేస్తాడు. పాత దెబ్బ సంగతి మీరు ముందే చెబితే ఈ పొరపాటుకు తావు తగ్గుతుంది.

ఇరుక్కోకముందే దొరికితే తేదీ పెట్టుకుని కీహోల్‌తో సరిచేయొచ్చు, ప్రమాదం తక్కువ. పేగు నల్లబడ్డాక వస్తే ఆపరేషన్ పెద్దది, ప్రాణాపాయం చాలా రెట్లు ఎక్కువ. "నొప్పి లేనప్పుడు ఆపరేషన్ ఎందుకు" అనేవాళ్లకు నా జవాబు ఇదే.

ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు ఆసుపత్రిలో?

ఇంకే గాయమూ లేకపోతే నాలుగైదు రోజులు. పక్కటెముకలు విరిగినా, ఊపిరితిత్తి కమిలినా, కాలు విరిగినా వాటి లెక్క వాటిదే. ఛాతీ ట్యూబ్ రెండు మూడు రోజుల్లో తీస్తారు. బాటిల్‌ను మంచం కన్నా ఎత్తులో పెట్టకండి, నడిపించేటప్పుడు చేతిలో కిందికి పట్టుకోండి. అటెండర్లు మారినప్పుడల్లా ఈ మాట కొత్తవాళ్లకు చెప్పాలి.

మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు. చాలామంది దాన్ని ఊదుతారు. అది పీల్చేది. గంటకోసారి, మెలకువగా ఉన్నంతసేపూ పీల్చాలి. నొప్పికి భయపడి మెల్లగా ఊపిరి తీస్తే కింద కఫం పట్టి న్యుమోనియా వస్తుంది. కాబట్టి నొప్పి మందు అడిగి మరీ వేయించుకోండి, ఓర్చుకోవడం ఇక్కడ గొప్ప కాదు. దగ్గేటప్పుడు కోతల మీద దిండు ఒత్తి పట్టుకుంటే సుఖంగా ఉంటుంది. మొదటి రెండు రోజులు భుజం లాగుతుంది, అది మిగిలిన గ్యాస్ వల్ల.

పథ్యం ఏమిటి? పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. పప్పు, గుడ్డు, చేప అన్నీ తినొచ్చు, గాయం మానడానికి ప్రొటీన్ కావాలి. పాలు అన్నం మాత్రమే పెట్టి పేషెంటును నీరసపరచకండి. నెల రోజులు మూడు పూటల భారీ భోజనం కన్నా ఐదారుసార్లు కొంచెం కొంచెం తినడం మంచిది. కూల్‌డ్రింకులు, సోడా వద్దు. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. సిగరెట్ మానితే దగ్గు తగ్గుతుంది, కుట్లు నిలుస్తాయి.

ఉద్యోగం, బండి, జిమ్, విమానం?

కూర్చుని చేసే పనికి రెండు మూడు వారాల్లో వెళ్లొచ్చు. బైకు నడపడం నెల తర్వాత, నొప్పి మాత్రలు ఆగాక. బిందెలు, గ్యాస్ సిలిండర్, జిమ్ బరువులు కనీసం మూడు నెలలు ఆపాలి. సిమెంటు బస్తాలు మోసే పని చేసేవాళ్లు డాక్టరు దగ్గర లెటర్ రాయించుకుని మేస్త్రీకి చూపించండి. విమానం విషయంలో ఛాతీలో గాలి పూర్తిగా పోయిందని ఎక్స్‌రేలో తేలేదాకా టికెట్ కొనొద్దు. దుబాయ్ వీసా గడువు దగ్గరపడిందని తొందరపడేవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి.

గర్భిణికి పాత హెర్నియా ఉంటే?

గర్భం పెరిగేకొద్దీ పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, కాన్పు నొప్పుల్లో ఇంకా ఎక్కువ. తెలిసిన హెర్నియా ఉంటే పిల్లల కోసం ప్రయత్నించకముందే సరిచేయించుకోవడం మంచిది. గర్భం వచ్చాక తెలిస్తే సర్జన్, గైనకాలజిస్ట్ ఇద్దరూ కూర్చుని నిర్ణయించాలి.

ప్రమాదం జరగ్గానే ఎక్కడికి తీసుకెళ్లాలి? ఖర్చు సంగతి?

108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న ఈ సేవ మొదలైంది హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ రంగంలో గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. ప్రైవేటులో అయితే పేరు చూడకండి, రాత్రిపూట కూడా సర్జన్, మత్తు డాక్టరు, సీటీ, బ్లడ్ బ్యాంకు, ఐసీయూ ఉన్నాయా అని అడగండి. దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోమ్‌లో బీపీ నిలబెట్టి పంపించడం తప్పు కాదు, అక్కడే రోజుల తరబడి ఉంచేయడం తప్పు.

కత్తిపోటు, రోడ్డు ప్రమాదం మెడికో లీగల్ కేసు అవుతుంది. ఆసుపత్రి పోలీసులకు తెలియజేస్తుంది, కానీ వైద్యం అందుకోసం ఆగకూడదు. దారిలో పడి ఉన్నవాళ్లను తీసుకొచ్చినవాళ్లు భయపడక్కర్లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం వాళ్లకు రక్షణ ఇస్తోంది, పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు.

రోడ్డు ప్రమాద బాధితులకు 2025లో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా వైద్యం అందుతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. మీ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో, కీహోల్‌కూ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను (ఆరోగ్యశ్రీ సహాయకులు) పేషెంటును చేర్చుకున్న రోజే అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే ఎఫ్‌ఐఆర్ కాపీ అడుగుతారు, జాగ్రత్తగా ఉంచుకోండి.

ఇంటికి వచ్చాక ఎప్పుడు పరుగెత్తాలి?

ఆయాసం పెరగడం, 101 దాటిన జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బి గాలి, మలం కిందికి రాకపోవడం, కోతల నుంచి చీము. ఇవి అర్ధరాత్రి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. రోజంతా తగ్గని వెక్కిళ్లను కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

మళ్లీ చిరుగుతుందా? ఎన్నిసార్లు చూపించుకోవాలి?

సరిగ్గా కుట్టిన తాజా గాయం మళ్లీ విడిపోవడం అరుదు. పాత, పెద్ద హెర్నియాల్లో ఆ అవకాశం కొంచెం ఎక్కువ. రెండు వారాలకు, మూడు నెలలకు, ఏడాదికి ఒక ఛాతీ ఎక్స్‌రేతో చూపించుకుంటే సాధారణంగా చాలు. సీటీ ప్రతిసారీ అక్కర్లేదు. డిశ్చార్జ్ సమ్మరీలో ఏ వైపు చిరిగింది, ఎన్ని సెంటీమీటర్లు, కుట్లా మెషా అన్నవి రాశారో లేదో కౌంటర్ దగ్గరే చూసుకుని, లేకపోతే రాయించుకోండి. తర్వాత ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ కాగితం ఫొటో ఫోన్‌లో ఉండాలి.